‘మందు లేదు’ అంటే ఊరుకోకండి, రాయించండి

ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచిత మందులు తీసుకునే లబ్ధిదారుల కోసం ఒక పాఠం

గజపతినగరం, మెంటాడ, దత్తిరాజేరు, బొండపల్లి, గంట్యాడ మండలాల్లో బీపీ, షుగరు, మూర్ఛ, ఉబ్బసం లాంటి జబ్బులకు నెలనెలా ప్రభుత్వ ఆసుపత్రిలో మందులు తీసుకునే కుటుంబాల కోసం ఈ పాఠం. చదవడం రాని పెద్దవాళ్ళు ఉంటే ఇంట్లో పిల్లలు చదివి వినిపించండి. ఇందులో మూడు సంగతులు తెలుస్తాయి: మీ మందు మీ చేతికి ఎలా వస్తుంది, దారిలో ఎక్కడ ఆగుతుంది, ఆగినప్పుడు మీరు ఏం చేయాలి.

ముందుగా ఒక ఉదాహరణ

ఒక మామ్మ అనుకుందాం. ఆమెకు బీపీ ఉంది. పొద్దున్నే ఆటో ఎక్కి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి, అంటే పీహెచ్‌సీకి వచ్చింది. ఓపీ చీటీ తీసుకుంది. డాక్టరు బీపీ చూసి మందు రాశారు. మందుల కిటికీ దగ్గర అరగంట నిలబడింది. తన వంతు వచ్చేసరికి వినబడిన మాట: "ఈ గోలీ నేదు మామ్మా, బయట కొనుక్కో."

మామ్మ దగ్గర తిరుగు ఆటోకే డబ్బులున్నాయి. ఇంటికి వెళ్ళిపోయింది. వచ్చే నెల మళ్ళీ అదే మాట. మూడో నెల ఆమె రాలేదు. తలనొప్పి లేదు, కళ్ళు తిరగడం లేదు, బాగానే ఉన్నాను కదా అనుకుంది. బీపీతో వచ్చే ప్రమాదమే అది. చాలామందికి ఏ బాధా తెలియదు. ఒకరోజు పొద్దున్న లేచేసరికి కుడి చెయ్యి, కుడి కాలు పడిపోతాయి. ఆ తర్వాత 108 రావాలి, పెద్దాసుపత్రికి వెళ్ళాలి, ఇంట్లో ఒకరు కూలి మానేసి పక్కనే ఉండాలి. చవకైన గోలీ అందకపోవడం వల్ల ఇంటిల్లిపాదీ ఇబ్బంది పడతారు.

ఆ కిటికీ దగ్గర ఇంకో తప్పు కూడా జరిగింది. మామ్మ వచ్చినట్టు, మందు అడిగినట్టు, ఖాళీ చేతులతో వెళ్ళినట్టు ఎక్కడా రాత పడలేదు. అది ఎంత పెద్ద తప్పో ఈ పాఠంలో చూద్దాం.

1. ఏ ఆసుపత్రిలో ఎన్ని మందులు ఉండాలి?

ప్రపంచంలో వేల రకాల మందులు ఉన్నాయి. అన్నీ ప్రతి ఆసుపత్రిలో పెట్టలేరు, పెట్టక్కర్లేదు కూడా. ఎక్కువమందికి వచ్చే జబ్బులకు, బాగా పనిచేసే, ధర అందుబాటులో ఉండే మందులను ఏరి ఒక జాబితా చేస్తారు. దాన్నే అత్యావశ్యక మందుల జాబితా అంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ మొదటి జాబితాను 1977లో ఇచ్చింది. మన దేశం తన మొదటి జాతీయ జాబితాను 1996లో తెచ్చింది. 2022లో సవరించిన జాతీయ జాబితాలో 384 మందులు ఉన్నాయి.

జాతీయ ఆరోగ్య మిషన్ కింద ఉచిత మందుల సేవ 2015 నుంచి నడుస్తోంది. ఏ స్థాయి ఆసుపత్రిలో ఎన్ని రకాల మందులు ఉండాలో ఆ మిషన్ ఇలా సూచించింది:

• ఉపకేంద్రం, అంటే ఊళ్ళో ఉండే హెల్త్ క్లినిక్: 106
• పీహెచ్‌సీ: 172
• సామాజిక ఆరోగ్య కేంద్రం, అంటే సీహెచ్‌సీ: 300
• ఏరియా ఆసుపత్రి స్థాయి: 318
• జిల్లా ఆసుపత్రి: 381

ఇవి దేశం మొత్తానికి సూచించిన సంఖ్యలు. రాష్ట్రాలు తమ అవసరాన్ని బట్టి మార్చుకుంటాయి. మీరు గుర్తుపెట్టుకోవలసింది ఏమిటంటే, ప్రతి ఆసుపత్రికీ ఒక జాబితా ఉంటుంది. మీకు రాసిన మందు ఆ జాబితాలో ఉంటే దాన్ని అడగడం బతిమాలడం కాదు, పథకం ప్రకారం మీకు రావలసినదే అడుగుతున్నారు.

2. మీ గోలీ ఎక్కడి నుంచి వస్తుంది?

మందులు కొనేది మన ఊరి డాక్టరు కాదు, ఫార్మసిస్టూ కాదు. రాష్ట్రమంతటికీ కలిపి ఒకే సంస్థ కొంటుంది. దాని పేరు ఆంధ్రప్రదేశ్ వైద్య సేవలు, మౌలిక సదుపాయాల అభివృద్ధి సంస్థ. పేరు పొడవుగా ఉంది కాబట్టి అందరూ ఏపీఎంఎస్ఐడీసీ అంటారు. ప్రభుత్వ ఆసుపత్రులకు మందులు, పరికరాలు కొనడం, భవనాలు కట్టించడం దీని పనులు.

అందరికీ కలిపి ఒకేసారి కొంటే ధర తగ్గుతుంది. పెళ్ళికి సరుకులు కిలో కిలో కాకుండా బస్తాల లెక్కన తెచ్చుకుంటే ఎంత కలిసొస్తుందో మీకు తెలుసు. కానీ ఇందులో ఒక కష్టం కూడా ఉంది. కొనేవాళ్ళు దూరంగా ఉంటారు. మీ ఊళ్ళో ఎంతమందికి ఏ మందు కావాలో వాళ్ళకు కాగితం ద్వారానో, కంప్యూటర్ ద్వారానో తప్ప తెలియదు.

గోలీ ప్రయాణం ఇలా ఉంటుంది:

మొదటి మెట్టు: ఇండెంట్. మాకు ఈ మందు ఇన్ని కావాలి అని ఆసుపత్రి పంపే లెక్క ఇది. పాత వాడకాన్ని చూసి రాస్తారు.

రెండో మెట్టు: టెండరు. అన్ని ఆసుపత్రుల లెక్కలూ కలిపి కంపెనీలను ధరలు అడుగుతారు. కంపెనీకి అర్హత ఉందో లేదో ముందు చూసి, ఆ తర్వాతే ధర కవరు విప్పుతారు.

మూడో మెట్టు: ఆర్డరు. ఎన్ని కావాలి, ఏ తేదీలోగా ఇవ్వాలి అని కంపెనీకి రాసి ఇస్తారు.

నాలుగో మెట్టు: జిల్లా గోదాము. సరుకు విజయనగరంలోని సెంట్రల్ డ్రగ్ స్టోర్‌కు వస్తుంది.

ఐదో మెట్టు: నాణ్యత పరీక్ష. వచ్చిన సరుకులో నమూనాలు తీసి ల్యాబుకు పంపుతారు. పాసైతేనే ఆసుపత్రులకు ఇవ్వాలి.

ఆరో మెట్టు: మీ ఆసుపత్రి. గోదాము నుంచి పీహెచ్‌సీలకు, గజపతినగరం లాంటి చోట ఉన్న ప్రభుత్వ ఆసుపత్రులకు సరుకు చేరుతుంది.

ఏడో మెట్టు: మీ చెయ్యి. ఫార్మసిస్టు ఇచ్చి, రిజిస్టర్లోనో కంప్యూటర్లోనో రాస్తారు.

గోదాముల్లో ఏ మందు ఎంత ఉంది, ఎంత వెళ్ళింది, గడువు ఎప్పుడు తీరుతుంది అన్న లెక్కలకు ‘ఇ-ఔషధి’ అనే కంప్యూటర్ వ్యవస్థ ఉంది. కానీ కంప్యూటర్లో ఏది రాస్తే అదే కనబడుతుంది. రాయనిది కనబడదు.

3. దారిలో ఎక్కడ ఆగుతుంది?

మందు లేదంటే మనకు మొదట వచ్చే అనుమానం కిటికీలో కూర్చున్న మనిషి మీద. అమ్మేసుకున్నారేమో అనుకుంటాం. అలా ఎక్కడైనా జరిగితే అది నేరం, ఫిర్యాదు చేయాల్సిందే. కానీ ఎక్కువసార్లు మందు ఆ కిటికీ దాకా రాకముందే ఆగిపోతుంది. ముఖ్యంగా ఆగే చోట్లు నాలుగు.

(1) డబ్బు దగ్గర. సరుకు ఇచ్చిన కంపెనీకి బిల్లు నెలల తరబడి రాకపోతే ఏమవుతుంది? తర్వాతి టెండరుకు ఆ కంపెనీ రాదు. వచ్చినా, ఆలస్యానికి వడ్డీ కూడా కలుపుకుని ధర చెబుతుంది. తక్కువమంది టెండరు వేస్తే పోటీ పోతుంది. కొన్ని మందులకు ఒక్కరు కూడా వేయకపోవచ్చు. మన ఊళ్ళో కిరాణా కొట్టువాడు బాకీ తీర్చనివాళ్ళకు అరువివ్వడు కదా, ఇదీ అంతే.

(2) పరీక్ష దగ్గర. మందును పరీక్షించడానికి సమయం పడుతుంది. ఇంజక్షన్లలో, సెలైన్లలో క్రిములు లేవని తేల్చే పరీక్షకే 14 రోజులు కావాలి. అందుకే మందు అయిపోయాక ఆర్డరు పెడితే ఎంత పరుగులు పెట్టినా బేగి రాదు. అలాగని పరీక్ష మానేయకూడదు. 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడా ప్రాంతంలో దగ్గు సిరప్ తాగి పసిపిల్లలు చనిపోయారు. ఆ సిరప్‌లో డైఇథిలీన్ గ్లైకాల్ అనే విషం కలిసి ఉందని ల్యాబులో తేలింది. పరీక్ష లేని మందు కంటే ఆలస్యమైన మందే నయం. పరీక్షకు పట్టే రోజులను ముందే లెక్కలో వేసుకుంటే ఆలస్యమూ ఉండదు.

(3) గోదాము దగ్గర. ఒక ఆసుపత్రిలో మందు నిండుకుంటుంది, పది కిలోమీటర్ల దూరంలో ఇంకో ఆసుపత్రిలో అదే మందు గడువు తీరి పారేస్తారు. గడువు ముందు తీరేది ముందు పంచాలి. ఒకచోట మిగిలింది ఇంకోచోటికి పంపాలి. ఈ రెండూ జరగాలంటే ఎక్కడ ఎంత ఉందో ఏ రోజుకారోజు సరిగ్గా నమోదు కావాలి.

(4) ఇండెంట్ దగ్గర. అన్నిటికంటే తక్కువగా కనబడేది ఇదే. మామ్మ కథలోని రాత పడని తప్పు ఇక్కడికే వస్తుంది.

4. సున్నా ఎలా మోసం చేస్తుంది?

చిన్న లెక్క చేద్దాం. ఇవి ఉదాహరణ కోసం వేసుకున్న అంకెలు.

ఒక పీహెచ్‌సీలో బీపీ మందు వాడేవాళ్ళు 100 మంది. రోజుకు ఒక గోలీ. నెలకు 3,000 గోలీలు కావాలి. సంవత్సరానికి 36,000.

ఆ ఏడాది నాలుగు నెలలు మందు రాలేదు. మిగతా ఎనిమిది నెలలు ఇచ్చారు. రిజిస్టర్లో ఆ ఏడాది వాడకం ఎంత అని ఉంటుంది? 24,000.

వచ్చే ఏడాదికి ఇండెంట్ రాసేటప్పుడు పాత వాడకం చూస్తారు. 24,000 అని ఉంది. అంతే అడుగుతారు. అది ఎనిమిది నెలలకే సరిపోతుంది. అంటే ఈసారి సరఫరాలో ఏ లోపమూ లేకపోయినా నాలుగు నెలలు మందు ఉండదు. కాగితం మీద మాత్రం అంతా సరిగ్గానే కనబడుతుంది: అడిగింది 24,000, ఇచ్చింది 24,000, నూటికి నూరు శాతం సరఫరా!

ఇంకా ఉంది. రెండుసార్లు ఖాళీ చేతులతో వెళ్ళినవాళ్ళలో కొందరు రావడం మానేస్తారు. వంద మంది డెబ్భై మంది అవుతారు. మూడో ఏడాది లెక్క ఇంకా తగ్గుతుంది. ఆ ముప్పై మందికి బీపీ తగ్గిపోలేదు. లెక్కలోంచి పేరు పోయింది, అంతే.

మందు లేని నెలల్లో రిజిస్టర్లో సున్నా ఉంటుంది. ఆ సున్నాకు రెండు అర్థాలు ఉండొచ్చు. ఎవరూ అడగలేదు అనేది ఒకటి. అడిగారు కానీ మా దగ్గర లేదు అనేది రెండోది. పక్కన ఒక్క మాట రాయకపోతే విజయనగరంలో కూర్చున్నవాళ్ళకూ, పైన సంస్థలో ఉన్నవాళ్ళకూ రెండూ ఒకేలా కనబడతాయి.

అందుకే ‘లేదు’ అన్న మాట గాలిలో పోకూడదు, కాగితం మీద పడాలి.

5. పక్క రాష్ట్రం ఏం చేసింది?

ఇలాంటి కష్టం మన ఒక్కరిదే కాదు. తమిళనాడులో 1994లో మందుల కొనుగోలుకు ప్రత్యేకంగా తమిళనాడు వైద్య సేవల సంస్థను పెట్టారు. 1995 జనవరి నుంచి అది పని మొదలుపెట్టింది. మొదటి మేనేజింగ్ డైరెక్టర్ ఆర్. పూర్ణలింగం అనే ఐఏఎస్ అధికారి. వాళ్ళు చేసిన మార్పులు చాలా సాదాగా ఉంటాయి, కానీ అన్నీ కలిపి చేశారు.

• కొనే మందులను అత్యావశ్యక జాబితాకు కుదించారు. బ్రాండు పేరుతో కాక మందు అసలు పేరుతో కొన్నారు.

• జిల్లాల్లో గోదాములు కట్టారు. సరుకు అయిపోయేదాకా ఆగకుండా కొన్ని నెలల నిల్వ ఎప్పుడూ ఉంచారు. మొదటి నుంచీ కంప్యూటర్ లెక్క పెట్టారు.

• ప్రతి ఆసుపత్రికీ బ్యాంకు పాస్‌బుక్ లాంటి పుస్తకం ఇచ్చారు. అందులో ఆ ఆసుపత్రికి కేటాయించిన మొత్తం ఉంటుంది. గోదాముకు వెళ్ళి తమకు కావలసిన మందు తీసుకుంటే దాని విలువ పుస్తకంలో తగ్గుతుంది. అంటే పైనుంచి ఏది వస్తే అది తీసుకోవడం కాదు, తమ రోగులకు కావలసింది ఆసుపత్రే అడిగి తీసుకోవడం.

• ల్యాబుకు నమూనా పంపేటప్పుడు కంపెనీ పేరు కనబడకుండా చేశారు. ఎవరి మందో తెలియకపోతే ఎవరికీ మొహమాటం ఉండదు.

• నాణ్యత తేలాక బిల్లు వేళకు చెల్లించడం పద్ధతిగా పెట్టుకున్నారు. దాంతో మంచి కంపెనీలు పోటీకి వచ్చాయి.

• గోలీల పట్టీ మీద ప్రభుత్వ సరఫరా అనీ, అమ్మకానికి కాదనీ అచ్చు వేయించారు.

ఆ తర్వాత చాలా రాష్ట్రాలు ఈ దారినే పట్టాయి. రాజస్థాన్ 2011 అక్టోబరు 2న ముఖ్యమంత్రి ఉచిత మందుల పథకం మొదలుపెట్టినప్పుడు ఇలాంటి సంస్థనే పెట్టుకుంది.

6. మన దగ్గర ఇంకా ఏం గట్టిపడాలి?

ఒకే చోట కొనుగోలు, జిల్లా గోదాము, ఇ-ఔషధి, ల్యాబు పరీక్ష ఇవన్నీ మన రాష్ట్రంలోనూ ఉన్నాయి. పునాది ఉంది. పైన కట్టవలసినవి ఇవి:

ఒకటి: ఇండెంట్ పాత వాడకాన్ని బట్టి కాదు, రోగుల సంఖ్యను బట్టి వేయాలి. ఊరూరా బీపీ, షుగరు పరీక్షలు చేసి పేర్లు నమోదు చేస్తున్నారు. ఆ పేర్ల లెక్కకూ మందుల లెక్కకూ ముడి పడాలి. వంద మంది నమోదై ఉంటే వంద మందికి మందు అడగాలి, మందు లేని రోజుల్ని కూడా లెక్కలో చూపాలి.

రెండు: మందు లేదని రాసిన ఉద్యోగికి ఇబ్బంది రాకూడదు. నిజం రాస్తే పైనుంచి మాట పడుతుందని భయపడే చోట ఎవరూ నిజం రాయరు. కొరతను ముందుగా చెప్పిన ఫార్మసిస్టును మంచి పని చేసినవాడిగా చూడాలి. ఇది ఖర్చు లేని మార్పు, కానీ అన్నిటికంటే కష్టమైనది.

మూడు: బిల్లులు వేళకు చెల్లించాలి. మందుల డబ్బు మందులకే ఉండాలి.

నాలుగు: వానాకాలానికి ముందే నిల్వ ఉండాలి. 2024 అక్టోబరులో మన జిల్లాలోనే గుర్లలో అతిసారం ప్రబలి ప్రాణాలు పోయాయి. మంచినీళ్ళు శుభ్రంగా ఉంచడం మొదటి పని. దానితోపాటు ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు, సెలైన్లు, పాముకాటు మందు, మలేరియా మందులు జూన్ రాకముందే పీహెచ్‌సీల్లో, సాలూరు, పాచిపెంట వైపు కొండ ఊళ్ళకు దగ్గర్లో ఉండాలి. వాగు పొంగాక గోదాము నుంచి వ్యాను వెళ్ళలేదు.

ఐదు: లెక్క అందరికీ కనబడాలి. ఈ రోజు మా దగ్గర ఉన్న మందులు ఇవి, లేనివి ఇవి అని ఆసుపత్రి గోడ మీద బోర్డు ఉంటే చాలు. రేషను షాపులో స్టాకు బోర్డు పెట్టమని అడుగుతాం కదా, మందులకూ అంతే.

7. మీరు ఏం చేయాలి?

పైన చెప్పిన మార్పులు ప్రభుత్వం చేయాలి. కానీ లెక్క మొదలయ్యేది మీ దగ్గరే. ఈ ఆరు పనులు చేయండి.

(1) పేరు నమోదు చేయించుకోండి. మీ ఊరి హెల్త్ క్లినిక్‌లో ఏఎన్‌ఎం దగ్గరో, అక్కడి ఆరోగ్య అధికారి దగ్గరో మీ జబ్బు, మీరు వాడే మందు రాయించండి. దీర్ఘకాలిక జబ్బుల రిజిస్టర్లో పేరు ఉందా అని అడిగి చూసుకోండి.

(2) ప్రతిసారీ ఓపీ చీటీ తీసుకోండి. తెలిసినవాళ్ళే కదా అని చీటీ లేకుండా మందు తీసుకుంటే మీరు వచ్చినట్టు లెక్కలోకి రాదు.

(3) మందు లేదంటే చీటీ మీద రాయమనండి. "అయ్యా, ఈ మందు స్టాకు లేదని తేదీ వేసి రాయండి" అని మర్యాదగా అడగండి. గొడవ అక్కర్లేదు. రాసి ఇస్తే ఆ చీటీ దాచుకోండి, ఫోనులో ఫొటో తీసుకోండి. రాయకపోతే ఇంట్లో ఒక నోటుపుస్తకంలో మీరే తేదీ, ఆసుపత్రి, మందు పేరు రాసుకోండి.

(4) ప్రత్యామ్నాయం ఉందా అని డాక్టర్నే అడగండి. ఒకే జబ్బుకు జాబితాలో వేరే మందు ఉండొచ్చు. మందు మార్చాల్సింది డాక్టరే. పక్కింటివాళ్ళ గోలీ తెచ్చి వేసుకోకండి.

(5) తప్పనిసరిగా బయట కొనాల్సి వస్తే మందు అసలు పేరు రాయించుకోండి. దగ్గరలో జన ఔషధి కేంద్రం ఉంటే అక్కడ అడగండి. బ్రాండు మందు కంటే చాలా తక్కువకు దొరుకుతుంది. బిల్లు తీసుకోండి. నెలకు సరిపడా కొనలేకపోతే పది రోజులకైనా కొనండి, మందు మాత్రం ఆపకండి.

(6) రెండు నెలలు వరసగా లేదంటే పైకి చెప్పండి. ముందు మెడికల్ ఆఫీసరుకు చెప్పండి. ఆసుపత్రిలో అభివృద్ధి సంఘం ఉంటే దాని సభ్యులకూ చెప్పండి. కొరత వచ్చినప్పుడు కొంత మందు స్థానికంగా కొనే వీలు ఆసుపత్రులకు ఉంటుంది. అప్పటికీ రాకపోతే 1100కు ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయించండి. లేదా సోమవారం జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇవ్వండి. అర్జీ నంబరు తప్పక తీసుకోండి.

అర్జీ ఇలా రాస్తే చాలు:

"అయ్యా, నేను ఫలానా ఊరు. నాకు బీపీ ఉంది. ఫలానా ఆసుపత్రిలో ఫలానా తేదీన, మళ్ళీ ఫలానా తేదీన నాకు రాసిన ఫలానా మందు స్టాకు లేదన్నారు. మా ఊళ్ళో ఇదే మందు వాడేవాళ్ళు ఇంతమంది ఉన్నారు. మందు ఎప్పుడు వస్తుందో తెలియజేసి, ఇప్పించమని కోరుతున్నాను."

తేదీలు, మందు పేరు, ఎంతమంది అన్న సంఖ్య. ఈ మూడూ ఉంటే మీ అర్జీని పక్కన పెట్టడం కష్టం. అందరూ కలిసి ఒకే అర్జీ మీద సంతకాలు, వేలిముద్రలు వేస్తే ఇంకా మంచిది.

8. మీ సందేహాలు

ప్రశ్న: అడిగితే ఫార్మసిస్టుకు కోపం వస్తుందేమో, రేపు ఉన్న మందు కూడా ఇవ్వరేమో?

జవాబు: మీరు ఆయన మీద ఫిర్యాదు చేయడం లేదు. మీ చీటీ మీద పడిన రాత ఆయనకూ సాయమే. వచ్చే ఇండెంట్లో ఎక్కువ అడగడానికి ఆయన చేతిలో ఆధారం ఉంటుంది. ఆ మాటే చెప్పి అడగండి.

ప్రశ్న: ప్రభుత్వ మందు పనిచేయదు, రంగు వేరేగా ఉంది అంటారు. నిజమేనా?

జవాబు: ఒకే మందును వేరువేరు కంపెనీలు వేరువేరు రంగుల్లో చేస్తాయి. టెండరు మారితే కంపెనీ మారుతుంది, రంగు మారుతుంది. పట్టీ మీద మందు అసలు పేరు, మోతాదు చూడండి. అవి ఒకటే అయితే మందు ఒకటే. గోలీ పొడి అయిపోయినా, తడిసినట్టున్నా, గడువు తీరినా వాడకండి. పట్టీతో సహా తీసుకెళ్ళి డాక్టరుకు చూపించండి. పట్టీ మీద బ్యాచ్ నంబరు ఉంటుంది. దాన్ని బట్టే ఆ సరుకు ఎక్కడెక్కడికి వెళ్ళిందో పట్టుకుని ఆపగలరు.

ప్రశ్న: కుక్క కరిచింది. మొదటి సూది వేశారు. రెండోసారి వెళితే లేదన్నారు. ఏం చేయాలి?

జవాబు: ఆగకండి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో చర్మంలోకి వేసే పద్ధతిలో మొదటి రోజు, 3వ రోజు, 7వ రోజు, 28వ రోజు సూదులు పడాలి. ఆ రోజే ఇంకో ప్రభుత్వ ఆసుపత్రి ఎక్కడ ఉందో అడిగి అక్కడికి వెళ్ళండి. కార్డు తీసుకెళ్ళండి. పిచ్చికుక్క కాటు జబ్బు బయటపడ్డాక బతికించడం దాదాపు అసాధ్యం. ఇక్కడ వచ్చే వారం రమ్మంటే ఒప్పుకోకండి.

ప్రశ్న: ఇన్సులిన్ బయట పెట్టి ఇచ్చారు. వాడొచ్చా?

జవాబు: నిల్వ ఉంచే ఇన్సులిన్ 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉండాలి. ఎంతసేపు బయట ఉందో అడగండి. ఇంటికి తీసుకెళ్ళేటప్పుడు ఎండ తగలనివ్వకండి. డీప్ ఫ్రీజర్లో గడ్డకట్టిన ఇన్సులిన్ వాడకూడదు.

ప్రశ్న: మందు బయట అమ్ముతున్నట్టు అనుమానం వచ్చింది.

జవాబు: ప్రభుత్వ సరఫరా, అమ్మకానికి కాదు అని అచ్చు ఉన్న పట్టీ మందుల షాపులో కనబడితే ఫొటో తీసి, జిల్లా ఔషధ నియంత్రణ అధికారులకు తెలియజేయండి. అక్కడికక్కడ గొడవ పెట్టుకోకండి.

ప్రశ్న: మా ఆసుపత్రి ఎంత మందు అడిగింది, ఎంత వచ్చింది తెలుసుకోవచ్చా?

జవాబు: తెలుసుకోవచ్చు. సమాచార హక్కు చట్టం 2005 కింద ఆసుపత్రి సమాచార అధికారికి అర్జీ పెట్టండి. గత ఏడాది ఇండెంట్ల నకళ్ళు, స్టాకు రిజిస్టరు నకళ్ళు అడగండి. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. దారిద్ర్య రేఖకు దిగువన ఉన్న కుటుంబాలకు రుసుము లేదు, కార్డు నకలు జత చేయండి.

9. గుర్తుంచుకోండి

• మందు అడగడం మీ హక్కు. ఓపీ చీటీ దానికి సాక్ష్యం.
• లేదన్న మాట రాతలో పడితేనే వచ్చే ఏడాది లెక్కలోకి వస్తుంది.
• బాగానే ఉందని బీపీ, షుగరు, మూర్ఛ మందులు సొంతంగా ఆపకండి.
• ఒక్కరు అడిగితే మాట, ఊరంతా రాసి ఇస్తే లెక్క.

ఈసారి ఆసుపత్రికి వెళ్ళేటప్పుడు మీ పాత చీటీలు, ఒక పెన్ను సంచిలో వేసుకోండి. మీ వీధిలో మందు ఆపేసి ఇంట్లో కూర్చున్న పెద్దవాళ్ళు ఎవరైనా ఉన్నారేమో ఒకసారి కనుక్కోండి. ఉంటే వాళ్ళనూ వెంటబెట్టుకుని వెళ్ళండి. వాళ్ళ పేరు మళ్ళీ రిజిస్టర్లో ఎక్కితేనే వాళ్ళ గోలీ కూడా ఇండెంట్లోకి ఎక్కుతుంది.